మైకు గొంతూ, నల్ల డబ్బా కొలతలూ

కూరగాయల యార్డులో వేలం పాడే ఆ మనిషికి మైకు అక్కర్లేదని మొదట ఎవరన్నారో గానీ, ఆ మాట తిరిగి తిరిగి చివరికి ఆయన పేరే అయి కూర్చుంది. అందరికీ ఆయన మైకు. టమాటా పెట్టెల మీద నిలబడి ధర అందుకున్నాడంటే చివరి గేటు దగ్గర లారీ దింపుతున్నవాళ్ళు కూడా తలెత్తి చూడాల్సిందే. రూపాయి పెంచడానికి ప్రాణం పోయేంత పిసినారిని నలుగురిలో ఉడికించి పాట పెంచేలా చేసేది ఆ గొంతే. అలాంటి గొంతు బొంగురుపోతే ముందు జలుబన్నాడు. తర్వాత దుమ్మన్నాడు. ఆ తర్వాత మిరపకాయల ఘాటన్నాడు. డాక్టరు మాత్రం క్యాన్సర్ అన్నాడు.

మన భాషలో గొంతన్నా గొంతే, స్వరమన్నా గొంతే. అందుకే కాబోలు, "గొంతుకి ఆపరేషన్ చెయ్యాలి" అని డాక్టరు చెప్పినప్పుడు మైకు భార్యకి సగమే అర్థమైంది. కోసి, జబ్బున్న ముక్క తీసి, మళ్ళీ కుట్టేస్తారనుకుంది. ఆమె దర్జీ. ముందుగదిలోనే కొట్టు. ప్యాంట్ల పొడవు తగ్గించడం, జిప్పులు మార్చడం, లావెక్కినవాళ్ళ కోట్లు వదులు చెయ్యడం ఆమె పని. కోసి కుట్టడమంటే ఆమెకి భయం లేదు. స్వరపేటిక మొత్తం తీసేస్తారనీ, ప్రాణం ఉంటుంది గానీ మాట ఉండదనీ రెండోసారి చెప్పించుకున్నాక గానీ తలకెక్కలేదు. ఆపరేషను రేపు పొద్దున. ఈ సాయంత్రమే వెళ్ళి ఆసుపత్రిలో చేరాలి.

ఇవ్వాళ పొద్దున రక్తపరీక్షల కోసం ఆసుపత్రికి వెళ్ళినప్పుడు వరండాలో స్పీచ్ థెరపీ అమ్మాయి ఎదురుపడింది. మెళ్ళో కార్డు, చేతిలో సగం తిన్న బిస్కెట్ ప్యాకెట్. మనిషి మాత్రం మంచిది.

"అంకుల్ గొంతు దాచుకోవచ్చు తెలుసా ఆంటీ? ఎవరూ చెప్పలేదా మీకు?" అంది. "ఆయన చేత వాక్యాలు చదివించి రికార్డు చేస్తే, ఒక ప్రోగ్రాము ఆ గొంతుని తయారు చేస్తుంది. ఆపరేషనయ్యాక ఆయన టైపు చేస్తే చాలు, అచ్చం ఆయన గొంతుతోనే మాట్లాడుతుంది. ఇవ్వాళే కానిచ్చెయ్యండి. రేపటికి ఉండదుగా. ఇంట్లో సిస్టమ్ ఉందా?"

"ఉంది, ఉంది" అంది మైకు భార్య, ఎవరో లాక్కుపోతారేమోనన్నంత తొందరగా.

కాయితం ముక్క మీద ప్రోగ్రాము పేరూ, తన ఫోను నంబరూ రాసిచ్చి ఆ అమ్మాయి వెనక్కి తిరిగింది. వెళ్తూ వెళ్తూ ఇంకేదో చెప్పింది. సరిగ్గా అప్పుడే కీచుమంటూ ఒక స్ట్రెచర్ బండి అడ్డొచ్చింది. ఆ కీచులో "సిస్టమ్ సంగతి చూ..." అన్నంతవరకే ఈమె చెవిన పడింది. మిగతాది బండి మింగేసింది. అంటే సిస్టమ్ సంగతి చూసుకోమందన్నమాట అనుకుంది ఈమె. సగం విన్న మాట ఆ పూట ఎంత పని చేసిందో చెప్పడానికే ఈ కథంతా.

ఇంటికి రాగానే చెప్పులు కూడా విప్పకుండా కంప్యూటరు ముందు కూర్చుంది. అది మరిది బిగించిచ్చిన మిషను. కంప్యూటర్ల రిపేరు షాపులో పనిచేసే ఆ మరిదిని ఇంటిల్లిపాదీ స్క్రూ అనే పిలుస్తారు. "బిల్లులు దీంట్లో కొట్టుకో వదినా" అని తెచ్చిపెట్టాడు. బిల్లుల మాట దేవుడెరుగు, దాని మీద మైకు పేకాడుకోవడమే తప్ప ఆమె చెయ్యి పెట్టింది తక్కువ. అయినా ఎలాగో ప్రోగ్రాము దింపింది. నీలం గీత నత్తనడకన చివరిదాకా పాకింది. హమ్మయ్య అనుకునేలోపే ఎర్ర డబ్బా ఒకటి తెర మీదకి ఊడిపడింది. మీ సిస్టమ్ ఈ ప్రోగ్రాముకు సరిపోదు. అరవై నాలుగు బిట్ల విండోస్ కావాలి. ఎనిమిది జీబీ ర్యామ్ కావాలి. ఇంకా ఏవేవో కావాలి.

ఆమె ఆ ఎర్ర డబ్బాని మరోసారి చదివింది. మూసి మళ్ళీ తెరిచింది. మళ్ళీ అదే డబ్బా.

"ఏమైందే?" అన్నాడు మైకు వంటింటి గుమ్మంలోంచి. పొద్దున్నే గొంతు కాస్త తేటగా ఉంటుంది, గరగరలాడుతూనే అయినా మాట మాటలాగే వస్తుంది.

"మీరు మాట్లాడకండి" అని కసిరి, మరిదికి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టింది.

స్క్రూ ఏదో ఆఫీసులో టేబుల్ కింద దూరి ఉన్నాడు. విషయం విని, "అబ్బ, అది చాలా మంచి సిస్టమ్ వదినా, ఎందుకు సరిపోదు? స్పెసిఫికేషన్లు చూసి చెప్పు. సీపీయూ ఏంటది?" అన్నాడు.

"నల్లది. టేబుల్ కిందుంది."

"డబ్బా రంగు కాదు వదినా. లోపల సీపీయూ ఏంటీ అని."

"డబ్బానే సీపీయూ అని చెప్పింది నువ్వే కదా! సీపీయూ మీద నీళ్ళు పొయ్యకు, సీపీయూకి కాలు తగిలించకు అని నానా సుద్దులూ చెప్పి, ఇప్పుడు దాని లోపల ఇంకో సీపీయూ ఉందంటావా?"

ఊరంతా ఆ డబ్బానే సీపీయూ అంటుంది, షాపులో స్క్రూ కూడా అదే అంటాడు. అసలు సీపీయూ లోపల అగ్గిపెట్టెంత ఉంటుందని వదినకిప్పుడు పాఠం చెప్పే వేళ కాదని మాత్రం తెలిసినట్టుంది. "సరే సరే. తెర మీద దిస్ పీసీ అని బొమ్మ ఉంటుంది. దాని మీద రైట్ క్లిక్ చెయ్యి" అన్నాడు.

ఆమె నొక్కింది. ఏదో కిటికీ తెరుచుకుంది. "ఫోటోలు, పాటలు, సీ, డీ అని ఉన్నాయి" అంది.

"అది లెఫ్ట్ క్లిక్. రైట్ క్లిక్ చెయ్యి."

"రైటుగానే చేస్తున్నాను! ఇందులో తప్పేముంది?"

"అయ్యో వదినా, రైట్ అంటే కరెక్టని కాదు, కుడివైపు మీట!"

"నువ్వు తెలుగులో ఏడిస్తే నాకీ ఏడుపు ఉండేది కాదు కదరా" అంటూనే ఆమె మళ్ళీ ఎడమ మీటే నొక్కింది. సూదిలో దారం ఒక్క గురిలో ఎక్కించే వేళ్ళవి, ఇప్పుడు ఎలుక బొమ్మంత వస్తువు మీద నిలవడం లేదు.

ఇక మైకు వల్ల కాలేదు. వచ్చి ఆమెని పక్కకి జరిపి తానే కూర్చున్నాడు. ఆమె వద్దు వద్దంటూనే ఉంది, డాక్టరు గొంతుని శ్రమ పెట్టొద్దన్నాడని గుర్తు చేస్తూనే ఉంది. ఎవరు వింటారు? కుడి మీట నొక్కాడు, ప్రాపర్టీస్ అన్న మాట దొరకబుచ్చుకున్నాడు, ఒక పేజీ తెరిచాడు. ఫోను దగ్గరికి వంగి ఒక్కొక్కటే చదవడం మొదలుపెట్టాడు. ప్రాసెసరు పేరు చదివాడు. స్క్రూకి వినపడలేదు. మళ్ళీ చదివాడు. అక్కడ ఎవరో డ్రిల్లింగ్ చేస్తున్నారు. ఇంకా గట్టిగా చదివాడు.

"ర్యామ్! ర్యామ్ ఎంతుందో చూడు అన్నయ్యా!"

"ఎనిమిది!" అన్నాడు మైకు. అనగానే ఆ పాత ఊపు వచ్చేసింది మనిషికి. "ఎనిమిది జీబీ! ఎనిమిది ఒకటోసారి, ఎనిమిది రెండోసారి..."

అంత దిగుల్లోనూ ఆమెకి నవ్వొచ్చింది. ఎనిమిదే కదా అడిగింది, ఎనిమిదీ ఉందిగా!

"అదీ! నే చెప్పలా?" అన్నాడు స్క్రూ.

"ఉండరా. పక్కనే బ్రాకెట్లో ఇంకేదో ఉంది. రెండు పాయింట్ తొమ్మిది ఆరు... యూజబుల్ అట."

స్క్రూ, "కింద సిస్టమ్ టైప్ అని ఉంటుంది. అక్కడేముంది?" అన్నాడు. గొంతు మారిపోయింది.

"ముప్పై రెండు బిట్."

"చచ్చాం" అన్నాడు స్క్రూ.

విషయం ఏమిటంటే, బిగించిన రోజున వాడి దగ్గర పాత విండోసే ఉందట, ముప్పై రెండు బిట్లది. అప్పటికి అదే వేసేశాడు. తర్వాత మారుద్దామనుకుని మర్చిపోయాడు. ఆ పాత విండోసుకి ఎనిమిది జీబీ ర్యామ్ పెట్టినా మూడుకు మించి కనపడదు. మిగతా ఐదూ డబ్బాలో ఉన్నట్టే ఉంటుంది, ఎందుకూ పనికిరాదు. మార్చాలంటే మొత్తం చెరిపి కొత్తది వెయ్యాలి. తను ఇక్కడినుంచి కదలడానికే సాయంత్రమవుతుంది.

"సాయంత్రానికి నేనుండనురా! చేరిపోవాలి!" అన్నాడు మైకు.

"నాకేం తెలుసన్నయ్యా ఇలా అవసరం పడుతుందని..."

అంతే. మైకు లేచి నిలబడ్డాడు. టమాటా పెట్టెల మీద నిలబడ్డట్టే నిలబడ్డాడు. "మర్చిపోయావా? పని అంటే నీకు ఆటలుగా ఉందా? రేపు నా గొంతు కోసి పారేస్తార్రా! నా గొంతు..." అని అరిచాడు. ఆ అరుపు మధ్యలోనే తెగిపోయింది. పెదవులు ఆడుతున్నాయి, మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి, బయటికి మాత్రం గాలి తప్ప ఏమీ రావడం లేదు. దగ్గొచ్చి వంగిపోయాడు. ఆమె వీపు రాస్తూ ఫోను కట్టేసింది. స్క్రూ అవతల వదినా వదినా అంటూనే ఉన్నాడు.

కొన్ని మంచినీళ్ళు తాగించి, కూర్చోబెట్టి, "నోరు తెరిచారంటే నా మీద ఒట్టే" అని చెప్పి, ఆమె వీధిలోకి పరిగెత్తింది. మలుపులో జిరాక్సులు తీసే నెట్ సెంటరుంది. కొట్టతను ఎవరి పాస్‌పోర్టు ఫోటోకో తెల్ల అంచులు కత్తిరిస్తున్నాడు. "మీ కంప్యూటర్లు ఎన్ని బిట్లు? ర్యామ్ ఎంత?" అని ఆమె వగర్చుతూ అడిగితే, పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. "ఎవడికి తెలుసమ్మా, పని చేస్తాయి" అన్నాడు. ఆమె వాదించలేదు. నేరుగా వెళ్ళి ఒక్కో మిషను ముందూ వంగి కుడి మీట నొక్కుకుంటూ పోయింది. గంట కిందట కుడి ఎడమ తెలియని మనిషి! కిటికీ పక్కనున్నదానిలో అరవై నాలుగూ ఉంది, ఎనిమిదీ ఉంది, బ్రాకెట్లో ఏ మెలికా లేదు. ఆ తెరని కళ్ళకద్దుకోవాలనిపించింది ఆమెకి.

"మా ఆయన్ని తీసుకొచ్చి ఇక్కడ కూర్చోబెట్టి మాటలు రికార్డు చేసుకుంటాను" అంది.

కొట్టతను కిటికీ వైపు వేలు చూపించాడు. అవతల ఇనుప గ్రిల్లులు చేసే షెడ్డు. కోత మిషను ఇనుము మీద పెట్టగానే ఆ రొదకి ఆమె పళ్ళు జివ్వుమన్నాయి. "పొద్దుట్నుంచి రాత్రిదాకా ఇదే మోత. మీ ఆయనవి కాదు, నా మాటలే నాకు వినపడవు" అన్నాడతను, పాపం నొచ్చుకుంటూనే. షెడ్డు వాళ్ళ కాళ్ళావేళ్ళా పడదామని వెళ్ళింది. వాళ్ళు కళ్ళద్దాలు పైకి జరిపి ఏంటేంటని అరిచారే గానీ ఒక్క ముక్కా వినిపించుకోలేదు. చివరికి చేతులతో దణ్ణం పెట్టి వెనక్కి తిరిగింది. వాళ్ళూ దణ్ణం పెట్టారు.

తోవలో ఏడుపు ఆగలేదు. ముక్కు చీదుకుంటూ స్పీచ్ థెరపీ అమ్మాయికి ఫోను చేసింది. ఎత్తలేదు. మళ్ళీ చేసింది. ఎత్తలేదు. కొట్లో కోటు వదులు చెయ్యమని ఇచ్చినవాళ్ళెవరో ఎదురై దాని సంగతి అడిగితే "పోయింది" అని చెప్పి నడిచిపోయింది. ఇంటి మెట్ల దగ్గరికొచ్చేసరికి అవతలినుంచి "హలో ఆంటీ" అని వినపడింది.

"మా కంప్యూటరు సరిపోదమ్మా. ముప్పై రెండు బిట్లట. ఎనిమిది ఉన్నా మూడేనట. ఎక్కడికెళ్ళాలి? మీ ఆసుపత్రిలో ఏదన్నా ఉంటే చెప్పు, ఇప్పుడే తీసుకొస్తాను, నీకు పుణ్యముంటుంది."

"దేనికి సరిపోదు ఆంటీ?"

"రికార్డింగుకి!"

"రికార్డింగుకి కంప్యూటరెందుకు? మీ చేతిలో ఫోనుందిగా, అది చాలు. ఆ ప్రోగ్రాము రికార్డులోంచి గొంతు తయారు చెయ్యడానికి. అది ఎల్లుండి చేసుకోవచ్చు, వచ్చే ఏడాది చేసుకోవచ్చు, ఎవరి సిస్టమ్‌లోనైనా చేసుకోవచ్చు. పొద్దున చెప్పాను కదా ఆంటీ, సిస్టమ్ సంగతి చూసుకోవడం తర్వాత, ముందు రికార్డు చేసేసుకోండి అని."

ఆమె మెట్టు మీద కూలబడింది. పొద్దున్నించి ఫోను చేతిలోనే ఉంది. ఆ ఫోన్లోకే ఆయన బిట్లూ జీబీలూ అరిచాడు. తేటగా ఉన్న గొంతుని, రోజంతటికీ మిగిలిన ఆ కాస్త గొంతుని, నల్ల డబ్బా లోపల ఏముందో తెలుసుకోవడానికి ఖర్చుపెట్టించింది. దాచుదామని బయల్దేరి తన చేతులతో తానే తగలేసింది. తలని గోడకేసి కొట్టుకోవాలనిపించింది. స్ట్రెచర్ బండిని తిట్టుకుంది, స్క్రూని తిట్టుకుంది, అందరికన్నా ఎక్కువ తనని తిట్టుకుంది.

"గొంతు ఇప్పుడెలా ఉంది?" అడిగింది ఆ అమ్మాయి.

"గాలొస్తోంది."

"కొంచెమన్నా పలుకుతుంటే చాలు. వాక్యాలు చదివించడం మానెయ్యండి, అంత ఓపిక ఉండదు. రోజూ ఇంట్లో అనే మాటలే అనిపించండి. ఒక్కో మాటా విడిగా రికార్డు చెయ్యండి, తర్వాత నొక్కితే ఆ మాట పలుకుతుంది. వార్డులో నర్సులకి చెప్పాల్సినవి కూడా తీసుకోండి, నీళ్ళు కావాలి, నొప్పిగా ఉంది, అలాంటివి. మధ్యమధ్యలో విశ్రాంతినివ్వండి."

లోపల మైకు కుర్చీలో బుద్ధిగా కూర్చుని ఉన్నాడు. ఒట్టు తియ్యలేదుగా, నోరు తెరవలేదు. ఆమె చెప్పిందంతా విని ఆమె ముఖంలోకి చూశాడు. తిడతాడనుకుంది. తిట్టినా బాగుండేది. చెయ్యి చాపి ఆమె చెంప మీది తడి బొటనవేలితో తుడిచాడు, అంతే.

కుట్టుమిషను మీద గుడ్డలు తీసేసి ఫోను అక్కడ పెట్టింది. కిటికీలు మూసింది. ఫ్యాను ఆపింది.

"ఏం చెప్పను?" అన్నాడు. గొంతు చిరిగిన గుడ్డలా ఉంది, కానీ గొంతే.

"టీ కావాలని అడగండి."

"కొంచెం టీ పెట్టిస్తావా?"

"ఎన్నడన్నా అలా అడిగారా నన్ను? మామూలుగా అనండి."

ఆయన ఒక్క క్షణం ఆలోచించాడు. "టీ!"

"ఆ, అదీ" అంది ఆమె. ఇద్దరూ నవ్వారు. నవ్వు దగ్గులోకి దిగింది. ఆగి, నీళ్ళిచ్చి, మళ్ళీ నొక్కింది. ఫ్యాను వెయ్యి అన్నాడు. తాళం వేశావా అన్నాడు. తిన్నావా అన్నాడు. ఒరేయ్ స్క్రూ అని ఒకటి అడక్కుండానే ఇచ్చాడు. ఇంతసేపు ఎక్కడికెళ్ళావు అని ఒకటి. మాట మాటకీ గొంతు తగ్గుతోంది. మధ్యలో కొన్ని అసలు పలకలేదు, పెదవులే ఆడాయి. ఆమె ఒక్కోదాన్ని చెవి దగ్గర పెట్టుకుని వింటోంది, వినపడితే చాలనుకుని ఉంచేస్తోంది. బయట ఎండ వాలిపోతోంది. సంచీ సర్దుకోవాలి, బయల్దేరాలి.

"ఇంకొకటి. నొప్పిగా ఉంది అనండి."

మైకు తల అడ్డంగా ఊపాడు. అదొక్కటీ వద్దన్నట్టు.

"నర్సులకి కావాలట. ఆ అమ్మాయి మరీ మరీ చెప్పింది" అంటూ ఆమె ఫోన్లోకి వంగింది. అంతకుముందు రికార్డు చేసిన మాట చెరిగిపోతున్నట్టుంది, దాన్ని సరిచేస్తోంది.

"నొప్పిగా ఉంది" అన్నాడు మైకు.

"ఉండండుండండి, నేనింకా నొక్కలేదు." వేలు ఎర్ర చుక్క మీదకి తెచ్చింది. "ఆ. ఇప్పుడనండి."

ఆయన అనలేదు. ఆమె తలెత్తి చూసింది. మైకు రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని ఆమెనే చూస్తున్నాడు.

"రికార్డింగుకి కాదే" అన్నాడు. "నిజంగానే ఉంది. చాలా రోజుల్నించీ."

ఎర్ర చుక్క మీద ఆమె వేలు అలాగే ఆగిపోయింది. ఫోను బోర్లా పెట్టేసి, దగ్గరికి జరిగి, "ఎక్కడ?" అని అడిగింది.

మైకు చెప్పబోయాడు. గొంతు రాలేదు. మళ్ళీ ప్రయత్నించాడు, రాలేదు. అప్పుడు ఆమె వేళ్ళు పట్టుకుని చెవి వెనక పెట్టి, దవడ కిందుగా, మెడ దాకా మెల్లగా నడిపించాడు.